పిలవని చుట్టం

పిల్లలూ! వంకాయ, టమాట, మిరప, ఉమ్మెత్త ఒకే కుటుంబానికి చెందిన మొక్కలని మీకు తెలుసునా? కుండీలో పూసే పెట్యూనియా, రాత్రివేళ వీధంతా ఘుమఘుమలాడించే రాత్రిరాణి కూడా ఆ కుటుంబంలోవే. ఈ యింట్లోకి దూరే ఒక పిలవని చుట్టాన్ని గురించి చెబుతాను, వినండి. దాని పేరు వైరాయిడ్.

పూర్వం అమెరికాలో బంగాళాదుంపకు ఒక తెగులు పట్టేది. దుంపలు గుండ్రంగా వూరక, కదురులాగా సాగిపోయేవి. అది వైరసు పనే అనుకున్నారు. కాని 1971లో థియొడోర్ డీనర్ అనే శాస్త్రజ్ఞుడు అది వైరసు కాదనీ, అంతకన్న ఎంతో చిన్నదనీ తేల్చాడు. వైరసుకు మాంసకృత్తుల తొడుగైనా వుంటుంది. దీనికి అదీ లేదు. ఆర్.ఎన్.ఎ. అనే పదార్థంతో అయిన చిన్న ఉంగరం, అంతే! దాన్ని రసాయన అక్షరాలతో రాస్తే 359 అక్షరాలు. మీ నోటు పుస్తకంలో ఒక పేజీ నిండదు.

వైరాయిడ్ సోకిన టమాట గిడసబారుతుంది, ఆకులు ముడుచుకుంటాయి. మన దేశంలో టమాటకు వచ్చే గుబురుతల తెగులుకు కూడా వైరాయిడే కారణమని 1991లో రుజువయింది. చిత్రమేమిటంటే, అది నిమ్మజాతి చెట్లకు పట్టే ఎక్సోకార్టిస్ వైరాయిడ్‌లో ఒక రకం!

పూలమొక్కల సంగతి వేరు. 2006లో హాలెండులో తనిఖీ చేస్తే, గంటల్లాంటి పూలు వేలాడే బ్రుగ్మాన్సియాలో బంగాళాదుంప వైరాయిడ్ బయటపడింది. చూడబోతే మొక్కలకు ఏ జబ్బూ లేదు!

మరి కంటికి కనిపించని దొంగను పట్టేదెలా? టమాట మొక్కనే సాక్షిగా పిలుస్తారు. అనుమానమున్న ఆకును నూరి, ఆ రసాన్ని లేత టమాట ఆకులకు రుద్దుతారు. ఆరోగ్యమైన మొక్క రసం రుద్దిన టమాటను పోల్చి చూడటానికి వేరే వుంచుతారు. కొన్ని వారాలకు మొదటిది గిడసబారి, రెండోది ఏపుగా పెరిగితే దొంగ దొరికినట్టే. అయితే నెమ్మదస్తుడైన దొంగ టమాటకు కూడా చిక్కడు. అందుకని ఇప్పుడు ప్రయోగశాలలో ఆకులోని ఆర్.ఎన్.ఎ.ను డి.ఎన్.ఎ.గా మార్చి, వైరాయిడ్ ముక్కకు మాత్రమే నకళ్ళు తీస్తారు. ఒకటి రెండు, రెండు నాలుగు, ఇలా 30 మార్లు రెట్టింపయితే నూరు కోట్లు దాటుతుంది. కావాలంటే లెక్కవేసి చూడండి! వైరాయిడ్ లేకపోతే నకలే తయారుకాదు.

మా రాత్రిరాణి కొమ్మ అడగనివాళ్ళు లేరు. ప్రతి మొక్కకూ ముందు కత్తెరను బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో ముంచి తుడుస్తాను. ఆ నీళ్ళు పెద్దలే కలపాలి సుమా! నా చాదస్తం చూసి అందరూ నవ్వుతారు. నవ్వనీండి. వైరాయిడ్ కత్తికి అంటిన రసంలో ప్రయాణం చేస్తుంది. కత్తిని నిప్పులో కాల్చినా పోయిందని నమ్మకం లేదు. సోకిన మొక్కకు మందు లేదు.

నల్లగొండ బత్తాయి తోటలను తలచుకోండి. అక్కడ నిమ్మజాతి మొదలు మీద బత్తాయి మొగ్గను అంటుకడతారు. తల్లిచెట్టులో ఎక్సోకార్టిస్ వున్నా, బత్తాయి ఆకులు పచ్చగానే వుంటాయి. కొన్నేళ్ళకు కింది మొదలు బెరడు పగులుతుంది, చెట్టు ఎదగదు. అప్పటికి రైతు పోసిన నీళ్ళు, పడిన శ్రమ అన్నీ వృథా! ఒక్క తల్లిచెట్టు మొగ్గలు ఎన్ని తోటలకు పోతాయో ఆలోచించండి.

కనుక నల్లగొండలోగాని, పాలమూరులోగాని అంటుమొక్కలు కొనేటప్పుడు నాన్నగారి పక్కన నిలబడి ఒక్క ప్రశ్న వెయ్యండి: “వీటి తల్లిచెట్టును పరీక్ష చేయించారా?”