కిలో లెక్కకు అందని పని

జంషెడ్‌పూర్ పక్కనే ఉన్న ఆదిత్యపూర్‌లో చిన్న ఫౌండ్రీ యజమాని కొటేషన్ రాస్తుంటే చూడముచ్చటేస్తుంది. కాస్టింగ్‌కి కిలోకింత, మెషినింగ్‌కి గంటకింత. టాటా స్టీల్, టాటా మోటార్స్‌ను నమ్ముకుని పెరిగిన జంషెడ్‌పూర్‌లో ప్రతిదానికీ ఓ తూకం ఉంది, నేను రాసే డేటాబేస్ ప్రోగ్రాముకి తప్ప.

"నాలుగు స్క్రీన్లేగా, ఎంత తీసుకుంటావ్?" అంటారు. కనిపించేవి నాలుగే. జాబ్‌వర్క్ చలాన్ మీద వంద పీసులు వెళ్లి, అరవై ఇవాళ, ముప్పై ఎనిమిది వచ్చే వారం తిరిగొస్తే, మిగిలిన రెండూ రిజెక్షనా, బాకీయా తేల్చే టేబుళ్లు వాటి వెనకుంటాయి. గంటల లెక్కన అడిగితే చేయి తిరిగినవాడికే నష్టం. మొత్తానికి ఒకే ధర చెబితే "ఇంకో చిన్న రిపోర్ట్"కి అంతుండదు. బిష్టుపూర్ రామమందిరం దగ్గర కలిసే తెలుగువాళ్లయితే సరేసరి: "మన తెలుగోడివి, కాస్త చూసి వెయ్యి!"

ఇలాంటి ప్రోగ్రాములు రాయడానికి వాడే విజువల్ ఫాక్స్‌ప్రోకి మైక్రోసాఫ్ట్ 2015 జనవరిలో సపోర్ట్ ఆపేసినా, దాంట్లో రాసిన బిల్లింగ్ ప్రోగ్రాములు ఆగలేదు. 2017 జులై 1న జీఎస్టీ రాగానే ఎక్సైజ్, వ్యాట్ గళ్లు తీసి సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ, ఐజీఎస్టీ పెట్టాల్సొచ్చింది. ప్రోగ్రాము కొనడం ఒక ఖర్చు, దాన్ని బతికించుకోవడం ఇంకో ఖర్చు అని పార్టీలకు అప్పుడు తెలిసొచ్చింది.

అందుకే నా కొటేషన్‌లో తయారీ, ఏడాది నిర్వహణ, తర్వాతి మార్పులు వేర్వేరు వరసలు. బేరమాడితే కాదనను. రేటు మాత్రం తగ్గించను, ఏ రిపోర్ట్ వద్దో వాళ్లనే కొట్టేయమంటాను.