రైళ్లు వెళ్లిపోయిన వంతెన

ఖమ్మం, మధిరల మధ్య చిన్న స్టేషన్ బోనకల్లు. ఆ దారి వయసెంతో తెలుసా? నిజాం కాలంలో, 1889లో సికింద్రాబాద్ నుంచి బెజవాడకు రైలుమార్గం పూర్తయింది. ఇల్లెందు ప్రాంతంలో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైందీ ఆ ఏడాదే. బోనకల్లులో బండెక్కి, విజయవాడలో మారి గోదావరిదాకా వెళ్తే ఆ తరానికే చెందిన మరో పెద్దాయన పలకరిస్తాడు. ఆయనే... రాజమండ్రి హేవలాక్ వంతెన!

కొవ్వూరు దాటి మీ రైలు ఆర్చి వంతెన ఎక్కితే పక్కనే కనిపిస్తుందది. రాతి స్తంభాలు, వాటిమీద ఇనుప గర్డర్లు... 56 స్పాన్లు, మూడు కిలోమీటర్లకు దగ్గరగా పొడవు. ఇది లేనప్పుడు ఈ ఒడ్డున రైలు దిగి, నదిని పడవలో దాటి, ఆ ఒడ్డున మళ్లీ రైలెక్కాల్సిందే. 1897లో ఇంజినీరు వాల్టన్ పని మొదలుపెట్టాడు. 1900లో రైలు నడిచింది. అప్పటి మద్రాసు గవర్నరు పేరే దీనికి పెట్టారు. దాదాపు శతాబ్దం సేవచేసి 1997లో విశ్రాంతి తీసుకుంది.

అసలు చిక్కు విశ్రాంతితోనే! రైళ్లు నడిచే వంతెనకు రివెట్లు తట్టిచూసేవాళ్లూ తుప్పు గీకి రంగేసేవాళ్లూ ఉంటారు. రైళ్లు ఆగితే ఆ చేతులూ ఆగిపోతాయి. రాతి సందుల్లో రావి మొలుస్తుంది. పైన కోస్తే చాలదు, వేరుతో తీయాలి. పాత సున్నపు కట్టడానికి సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి రాయి పొరలుగా రాలుతుంది. అందుకే అతుకులకు మళ్లీ సున్నమే వాడాలి. వరదకు స్తంభాల మొదట్లో ఇసుక కోసుకుపోతే బండరాళ్లు పోయాలి. ఒకసారి చేసి వదిలేస్తే సరిపోదు. ఏటా చేయాల్సిందే. ఏటా ఖర్చు పెట్టాలంటే ఆ వంతెనతో జనానికి ఏదో ఒక పని ఉండాలి.

ఇంగ్లండులో సెవర్న్ నదిమీద 1779లో కట్టిన ఇనుప వంతెనే చూడండి. 1934లో దానిమీద బండ్లు ఆపేశారు కానీ మనుషుల్ని ఆపలేదు. జనం నడుస్తున్నారు కాబట్టే మరమ్మతులూ నడుస్తున్నాయి. 2018లో పెద్దఎత్తున బాగుచేసి, మొదట్లో ఉన్న ఎర్రరంగే మళ్లీ వేశారు.

హేవలాక్ వంతెనకూ ఆశ చిగురించింది. దీన్ని పర్యాటక కేంద్రంగా మార్చేందుకు అఖండ గోదావరి పథకం కింద 2025 జూన్‌లో శంకుస్థాపన చేశారు. రంగురంగుల దీపాలు తర్వాత సంగతి. ముందు తుప్పు వదలాలి, రాయి నిలవాలి.

ఈసారి గోదావరి దాటేటప్పుడు నదిలో వేయమని పిల్లల చేతికి రూపాయి బిళ్ల ఇస్తారుగా... అలాగే ఆ పాత వంతెననీ చూపించండి. తాతలు గోదారి దాటింది దానిమీదేనని చెప్పండి!