మూడు ప్రతుల బిల్లు

సూరత్‌లోని కతర్‌గామ్ అనగానే వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు గుర్తుకొస్తాయి. అక్కడి సందుల్లో సాంచాల చప్పుడు కూడా ఉంటుంది. తెలంగాణ నుంచి బతుకుదెరువు కోసం వెళ్లి సూరత్‌లో స్థిరపడిన నేత కుటుంబాలు ఎన్నో. అలాంటి ఒక ఆసామి గదిలో పాత విండోస్ 98 కంప్యూటర్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉన్నాయి. పిల్లల చదువు కోసం ఇంటికి కొన్న ఆ కంప్యూటర్ తరువాత బిల్లులకే పరిమితమైంది.

2017 జూలై 1న జీఎస్టీ అమల్లోకి వచ్చింది. ఆ నెలలో సూరత్ వస్త్ర వ్యాపారులు దుకాణాలు మూసి నిరసన తెలిపారు. సరుకు బిల్లుకు మూడు ప్రతులుండాలన్నది నిబంధన: కొన్నవారికి, రవాణాదారుకు, అమ్మినవారికి. కార్బన్ కాగితంపై సూదులతో కొట్టే పాత ప్రింటర్ మూడింటినీ ఒకేసారి ఇస్తుంది. ఇంక్‌జెట్‌కు అది సాధ్యం కాదు.

ఒక ఉదయం బిల్లు రాలేదు. బట్టల మూటలు గుమ్మంలోనే ఆగాయి.

“పారేసి కొత్తది కొందాం మామా,” అన్నాడు మేనల్లుడు.

ఆసామి తొందరపడలేదు. లైన్ ఫీడ్ మీట నొక్కిపట్టి ప్రింటర్ ఆన్ చేశాడు. అక్షరాలు వరుసగా పడ్డాయి. ప్రింటర్‌లో లోపం లేదన్నమాట. కంప్యూటర్ వెనుక 25 పిన్నుల ప్లగ్గు వదులైంది. మరలు బిగించగానే బిల్లు వచ్చింది.

రెండో చిక్కు నెట్‌వర్క్‌ది. పన్ను రిటర్నుల కోసం కొన్న విండోస్ 10 ల్యాప్‌టాప్ పింగ్‌కు బదులిస్తుంది కానీ ఫోల్డర్ తెరవనివ్వదు. పాత యంత్రానికి తెలిసిన ఎస్‌ఎంబీ1 పద్ధతిలోని లోపాన్నే 2017 మేలో వానాక్రై దాడి వాడుకుంది. ఆ ఏడాది చివరి నుంచి కొత్త విండోస్‌లో ఆ పద్ధతిని ముందుగానే ఆపి ఉంచుతున్నారు. మళ్లీ తెరవడం కష్టం కాదు, ప్రమాదం. అందుకే ఆసామి నెల లెక్కలను ఫ్లాపీలోకి ఎక్కించి, యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్‌తో ల్యాప్‌టాప్‌లోకి దించుకుంటున్నాడు.

మూడు ప్రతులు అడగడం సబబే. ప్రమాదకరమైన దారి మూయడమూ సబబే. అయితే సబబైన ప్రతి నిర్ణయమూ చిన్నవాడి గదిలోకి వచ్చేసరికి ఒక కొత్త ఖర్చుగా, ఆగిపోయిన మూటగా మారుతోంది. నిర్ణయం తీసుకునేవారు ముందుగా లెక్కించవలసింది ఆ ఖర్చును.