మొదటి పేరు



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేసినప్పుడు కవిత రాద్దామా, హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామా అని చాలాసేపు ఆలోచించాము. చివరకు మేము చేసిన ఒక తప్పు గురించి రాయాలనిపించింది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. కానీ మా తప్పు మీలో ఒక్కరికి పాఠమైనా మాకు చాలు.

ఆరో నంబరు గదిలో మేము ఐదుగురం. ఐదుగురి ఇళ్ళలోనూ డిగ్రీ దాకా వచ్చిన మొదటి వాళ్ళం మేమే. ఫారం నింపాలన్నా, ఫీజు కట్టాలన్నా అడగడానికి ఇంట్లో తెలిసిన మనిషి లేడు. నాన్నను అడిగితే "నాకేం ఎరుక బిడ్డా, మీ సార్లను అడుగు" అనేవాడు. సార్లు ఇళ్ళకు వెళ్ళిపోయాక మాకు మిగిలింది ఫోనే. గూగుల్‌లో కొడితే వచ్చిందంతా నిజమని నమ్మేవాళ్ళం.

2022 వేసవిలో డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉండగా పి.జి. ప్రవేశ పరీక్షకు దరఖాస్తులు పెట్టుకుంటున్నాము. మేము నలుగురం కాలేజీ ల్యాబులో సార్ దగ్గర కూర్చుని పెట్టేశాము. మావాడు ఒకడు ఆ వారం ఊరికి పోయి ఆలస్యంగా వచ్చాడు. రాత్రి భోజనాలయ్యాక ఫోన్‌లో పరీక్ష పేరు కొట్టి, "చానా వచ్చినయ్‌రా, ఏది నొక్కాలె?" అని అడిగాడు. మేము చదువుకుంటూనే, తల ఎత్తకుండానే, "మొదటిదే నొక్కు, ముందున్నదంటే అదే అసలుది" అన్నాము.

ఎందుకలా అన్నామంటే, మాకు తెలిసిన జాబితాలన్నీ అలాంటివే. పదో తరగతి ఫలితాలైనా, హాస్టల్ సీట్ల లిస్టైనా నోటీసు బోర్డులో మొదటి పేరు మార్కులతో వచ్చిన పేరే. డబ్బు కట్టి పైన కూర్చునే జాబితా ఒకటుంటుందని మాకు తోచలేదు.

ఆ మొదటి సైటు మావాడి మార్కులు, ఫొటో, ఫోన్ నంబరు అన్నీ తీసుకుంది. 1,200 రూపాయలు కట్టించుకుని రశీదు కూడా ఇచ్చింది. అది వాళ్ళమ్మ పత్తి ఏరి దాచిన డబ్బు. హాల్ టికెట్లు వచ్చిన రోజు మా నలుగురికీ వచ్చాయి, వాడికి రాలేదు. అసలు సైటులో చూస్తే వాడి పేరు మీద దరఖాస్తే లేదు. గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆ సైటు వాళ్ళ ఫోన్ ఎవరూ ఎత్తలేదు.

మేము పి.జి.లో చేరాము. వాడు పెట్టె సర్దుకుని హైదరాబాదులో సెంట్రింగ్ పనికి పోయాడు. బస్సు ఎక్కేటప్పుడు "పోనీలేరా, మీరేం చేస్తరు" అన్నాడు. వాడు తిట్టి ఉంటే మాకు ఇంత బాధ ఉండేది కాదేమో.

ఎం.కాం.లో మార్కెటింగ్ పాఠం చెబుతూ సార్ ఒకరోజు బోర్డు మీద ఒక ప్రశ్న రాశారు: "గూగుల్‌కు డబ్బు కడితే మన పేజీ పైకి వస్తుందా?" ఆ రోజు మాకు విషయం అర్థమైంది.

మనకు కనిపించే ఆ ఒక్క జాబితాలో నిజానికి రెండు జాబితాలున్నాయి. ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా ఉన్నట్టే అనుకోండి. కింద ఉండేవి మామూలు ఫలితాలు. మనం అడిగిన మాటకు పేజీ ఎంత సరిపోతుంది, ఎన్ని ఇతర పేజీలు దానికి లింకు ఇచ్చాయి వంటివి చూసి గూగుల్ వాటిని వరుసలో పెడుతుంది. ఇందులో డబ్బు తీసుకోదు. పైన ఉండేవి ప్రకటనలు. వాటి చోటు వేలంలో తేలుతుంది. ఆ వేలం మన ఊరి చెరువు చేపల వేలం లాంటిది కాదు. ఎంత పాడారన్నదే కాక, జనం ఆ ప్రకటనను నొక్కే అవకాశం ఎంత, అడిగినదానికి అది ఎంత సంబంధించింది, నొక్కాక తెరుచుకునే పేజీ ఎలా ఉందన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. అయితే ఆ లెక్క నిజాయితీకి సర్టిఫికెట్ కాదు.

ప్రకటనకు కట్టిన డబ్బు వల్ల కింది వరుసలో ర్యాంకు పెరగదని గూగులే చెబుతుంది. పరోక్ష సంబంధం మాత్రం ఉంటుంది. ప్రకటన చూసి వచ్చినవాళ్ళు ఆ పేజీని మెచ్చి, తమ పేజీల్లో దానికి లింకు ఇస్తే, కాలక్రమంలో కింద కూడా అది పైకి రావచ్చు.

ఈ వ్యాపారం చరిత్ర కూడా తెలుసుకోదగ్గదే. 1998లో అమెరికాలో గోటూ అనే సెర్చ్ సైటు ఎవరు ఎక్కువ కడితే వారిని పైన పెట్టేది. ఎంత కట్టారో పక్కనే చూపేది కూడా. అదే ఏడాది గూగుల్ స్థాపకులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ తమ పరిశోధనా పత్రంలో, ప్రకటనల మీద బతికే సెర్చ్ ఇంజన్ ప్రకటనదారుల వైపు మొగ్గుతుందని హెచ్చరించారు. 2000 అక్టోబరులో ఆ గూగులే యాడ్‌వర్డ్స్ పేరుతో ప్రకటనలు మొదలుపెట్టింది. 2002లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, డబ్బు తీసుకుని పెట్టిన ఫలితాలను స్పష్టంగా వేరు చేసి చూపాలని సెర్చ్ కంపెనీలకు లేఖ రాసింది.

వేరు చేసే గుర్తు ఉంది, కానీ చిన్నది. మావాడు చూసినప్పుడు "యాడ్" అనే చిన్న మాట ఉండేది. 2022 అక్టోబరు నుండి ఫోన్లలో "స్పాన్సర్డ్" అని వస్తోంది. కంప్యూటరులో 2016 వరకు కుడి పక్కన కూడా ప్రకటనలు ఉండేవి. తర్వాత అవి పోయి, పైన నాలుగు దాకా రావడం మొదలైంది. చిన్న ఫోన్‌లో ఆ నాలుగింటితోనే తెర నిండిపోతుంది. కింది వరుసలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న పేజీ మన కంటికి ఐదోదవుతుంది. మావాడి విషయంలో జరిగింది ఇదే. అసలు సైటు ర్యాంకు తగ్గలేదు, కంటికి దూరమైందంతే.

సార్ ఇంకొకటి చెప్పారు. ఈబే కంపెనీ 2012లో తన పేరు మీద వచ్చే ప్రకటనలను కొన్నిచోట్ల ఆపి చూసింది. ప్రకటన నుండి వచ్చే జనంలో 99.5 శాతం కింది మామూలు ఫలితం నొక్కి అదే సైటుకు వచ్చారని పరిశోధకులు తేల్చారు. పేరున్న కంపెనీకి ప్రకటన లేకపోయినా జనం వెతుక్కుని వస్తారు. ఆ కంపెనీని ఎరిగినవాళ్ళు కాబట్టి వెతికారు. అసలు సైటు ఎలా ఉంటుందో ఎరుగని మనలాంటివాళ్ళం మాత్రం పైనున్నదే నొక్కుతాము.

అందుకే తమ్ముళ్ళకు మా మాట. దరఖాస్తు పెట్టేముందు "స్పాన్సర్డ్" అని ఉందేమో చూడండి. కింది ఫలితమైనా కళ్ళు మూసుకుని నమ్మవద్దు. నోటిఫికేషన్ కాగితంలో ఉన్న అడ్రసును అక్షరం అక్షరం పోల్చుకోండి. ప్రభుత్వ సైట్ల చివర సాధారణంగా డాట్ గవ్ డాట్ ఇన్, విద్యాసంస్థలకు డాట్ ఏసీ డాట్ ఇన్ ఉంటాయి. మోసపోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. అన్నిటికన్నా ముందు, పక్కవాడు అడిగినప్పుడు పుస్తకంలోంచి తల ఎత్తండి.

2023లో మావాడు మళ్ళీ దరఖాస్తు పెట్టాడు. ఆ రోజు మేము నలుగురం వాడి చుట్టూ కూర్చున్నాము. అడ్రసు ఒకడు చదివితే ఒకడు కాగితంతో సరిచూశాడు. సీటు వచ్చింది. మా కంటే ఒక ఏడు వెనకగా వాడూ పి.జి. పూర్తి చేశాడు. ఆ పోయిన ఏడాది మాత్రం మా లెక్కలోనే ఉండిపోయింది.

మన హాస్టల్ మరెన్నో వార్షికోత్సవాలు జరుపుకోవాలని కోరుకుంటూ,

ఆరో నంబరు గది మిత్రులు