నాణెం అక్కరలేని యంత్రం

వినోదసాధనాలలో పిన్‌బాల్ యంత్రానిది ఒక విలక్షణమైన జన్మ. అది గృహం కోసం పుట్టిన వస్తువు కాదు. దారిన పోయే అపరిచితుని జేబులోని నాణెం కోసం పుట్టినది. ఆట ఎంత త్వరగా ముగిస్తే యంత్రస్వామికి అంత లాభం, ఎంతసేపు సాగితే ఆటగాడికి అంత సంతోషం. పరస్పర విరుద్ధమైన ఈ రెండు ప్రయోజనాల మధ్య కుదిరిన సంధియే ఆ యంత్రం. దానిని ఇంటికి తెచ్చుకున్ననాడు స్వామి, ఆటగాడు ఒక్కరే అవుతారు. అప్పుడు ఆ సంధి ఎవరెవరి మధ్య నిలుస్తుంది?

చికాగో శివారులో నివసించే ఒక తెలుగు గృహస్థునికి ఇది కేవలం తార్కికమైన ప్రశ్న కాలేదు. ఆయన 1990ల ఆరంభంలో విద్యార్థిగా అమెరికా వెళ్ళినవాడు. 1992లో వెలువడి 20,000కు పైగా అమ్ముడైన ‘ఆడమ్స్ ఫ్యామిలీ’ యంత్రం ఒకటి ఆయన చదివిన విశ్వవిద్యాలయంలో, ఒక భవనపు నేలమాళిగలో ఉండేది. పావు డాలరు నాణేలు బట్టలు ఉతికే యంత్రానికీ కావాలి, దీనికీ కావాలి. అందుచేత వారానికి ఒకే ఆట, మూడే బంతులు. మూడవ బంతి చేజారే క్షణంలో అరచేతుల్లో పుట్టిన చెమట ముప్పై సంవత్సరాలైనా ఆయన స్మృతిని వీడలేదు.

ఏభై దాటిన వయసులో, కుమార్తె చదువు బాధ్యత తీరిన తరువాత, ఆ కోరిక పునరుజ్జీవించింది. కొత్త యంత్రాలలో సాధారణ శ్రేణి సుమారు 7,000 డాలర్లు. పరిమిత సంఖ్యలో తయారయ్యేవి 10,000 దాటుతాయి. ఇల్లాలి ఆక్షేపణ ధనాన్ని గురించి కాదు.

“ఏమండీ, కింద ఆ ట్రెడ్‌మిల్ గతి చూస్తూనే ఉన్నారుగా. ఇదీ ఆరు నెలల ముచ్చటేగా?”

“దాని మీద ఓడిపోవడం ఉండదు. అందుకే మానేశాను” అన్నాడాయన.

ఈ సమాధానంలో చమత్కారం కంటె సత్యమే అధికం. విద్యార్థిదశలో ఆయనను ఆకర్షించినది గెలుపు కాదు. పోగొట్టుకోదగినది ఒకటి చేతిలో ఉండటం. అయితే అది 7,000 డాలర్లకు లభిస్తుందా అన్నదే సంశయం.

పాత యంత్రాన్నే వెదకి తెచ్చుకోవచ్చును గదా అనిపిస్తుంది. దాని ధర నేడు కొత్తదానికి ఏమాత్రం తీసిపోదు. పైగా మాడిన తీగలను అతికే నైపుణ్యం కావాలి. ఆయన కొత్తదే కొన్నాడు. 110 కిలోలకు పైగా బరువున్న పెట్టెను మెట్ల మీదుగా దింపడానికి నలుగురు మిత్రులు అవసరమయ్యారు. కాళ్ళు బిగించి, పాదాల మరలు తిప్పుతూ, బల్లను సుమారు ఆరున్నర డిగ్రీల వాలుకు తేవాలి. వాలు తగ్గితే బంతి మందగిస్తుంది, ఆట సులభమవుతుంది. సుమారు 80 గ్రాముల ఉక్కు గోళం పతనవేగాన్ని యజమాని చేతి మర నిర్ణయిస్తుందన్నమాట.

యంత్రగర్భంలో ఒక లోలకం, దాని చుట్టూ ఒక లోహవలయం ఉంటాయి. ఆటగాడు పెట్టెను కొంత కుదపవచ్చు. అది అక్రమం కాదు, ఆటలో భాగమే. కుదుపు మితిమీరితే లోలకం వలయాన్ని తాకుతుంది, ఫ్లిప్పర్లు అచేతనమవుతాయి, బంతి నిస్సహాయంగా జారిపోతుంది. 1947లో ‘హంప్టీ డంప్టీ’ యంత్రంతో ఫ్లిప్పర్లు వచ్చేవరకు ఆటగాడికి మీట లాగడం, ఈ కుదపడం తప్ప వేరే స్వాతంత్ర్యం లేదు. అంతా యాదృచ్ఛికమే, కనుక ఇది జూదమే అన్న వాదంతో న్యూయార్క్ నగరం 1942లో దీనిని నిషేధించింది. 1976లో రోజర్ షార్ప్ అనే యువకుడు అధికారుల ఎదుట, బంతి ఏ మార్గాన పోతుందో ముందుగా చెప్పి మీట విడిచాడు; అది ఆ మార్గాననే పోయింది. నిషేధం తొలగింది. దైవమా, పౌరుషమా అన్న వివాదానికి ఒక నగరపాలక సభలో ఇంత శీఘ్రంగా తీర్పు రావడం అరుదు. తన గెలుపులో అదృష్టం పాలు ఎంతో ఆ యువకుడే తరువాత ఒప్పుకున్నాడు!

ఇంటికి వచ్చిన యంత్రంలో నాణెం అవసరాన్ని రద్దు చేయవచ్చు, బంతుల సంఖ్య పెంచవచ్చు, లోలకాన్ని సడలించవచ్చు. గృహస్థుడు మొదటి వారంలో ఈ మూడూ చేశాడు. అంకెలు కోట్లకు చేరాయి. అరచేతులు పొడిగానే ఉన్నాయి. సెలవులకు వచ్చిన కుమార్తె మొదటి బంతి తొందరగా పోగానే బొత్తాం నొక్కి పట్టుకుని ఆటనే మళ్ళీ మొదలుపెట్టేది. “ఎందుకమ్మా, ఇంకా బంతులున్నాయిగా” అంటే, “ఫ్రీయే కదా నాన్నా” అనేది. ఆమె మాటలో దోషం లేదు. ఆరంభానికి మూల్యం లేనప్పుడు ఆరంభించినదానిని నిర్వహించవలసిన నిర్బంధమూ ఉండదు.

ఆయన మళ్ళీ మూడు బంతులకు వచ్చాడు, లోలకాన్ని బిగించాడు, నాణేన్ని పునరుద్ధరించాడు. కాని నియమం చేసినవాడే దానిని సడలించగలిగినప్పుడు అది నియమమా, అభినయమా? నాణేల పెట్టె, అమరికల బొత్తాములు రెండూ ముందున్న ఒకే చిన్న తలుపు వెనుక ఉంటాయి. ఆ తలుపుకు తాళం ఉంది. పది రోజులు ఊగిసలాడి తాళంచెవి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు.

“మీ ఆట తాళం నాకెందుకండీ” అన్నదామె. అయినా తీసుకుని పోపులపెట్టె పక్కన పెట్టింది. రాత్రి వంటిల్లు సర్దడం ముగిశాక ఆమె కూడా ఒక ఆట ఆడుతుంది, తన నాణెంతోనే. మూడవ బంతి పోగానే అంకె చూడకుండా దీపం ఆర్పి పైకి వచ్చేస్తుంది.