నలభై రెండా, ఎనభై నాలుగా?

మన ఫీల్డులో ఓ అలవాటుంది. ఎప్పుడో ఎవరో కోడులో ఒక నంబరు హార్డ్‌కోడ్ చేసి పోతారు. ఆ తర్వాత దాన్ని ముట్టుకునే ధైర్యం ఎవరికీ ఉండదు. పిల్లులకొచ్చే ఎఫ్‌ఐపీ వైద్యంలో ఆ నంబరు 84.

తెలియనివాళ్ల కోసం: పిల్లుల పేగుల్లో మామూలుగా ఉండే ఒక కరోనా వైరస్, కొన్నింటిలో రూపం మార్చుకుని ఒళ్లంతా పాకుతుంది. పొట్టలో నీరు చేరుతుంది. (మన కోవిడ్ వైరస్ వేరు, ఇది వేరు.) ఒకప్పుడు ఇది వస్తే దాదాపు చావే. 2019లో కాలిఫోర్నియాలో నీల్స్ పెడర్సన్ బృందం జీఎస్-441524 అనే మందు 31 పిల్లులకిచ్చి చూసింది. కనీసం పన్నెండు వారాలు వాడినవి 26, వాటిలో 25 బతికి బట్టకట్టాయి. అంతకుముందు వేరే మందుతో చేసిన ప్రయోగంలో తొందరగా ఆపితే జబ్బు తిరగబెట్టింది, అంచేత పన్నెండు వారాలు. అదీ 84 కథ. అన్నట్టు, 2020 జూన్‌లో మన హైదరాబాద్ హెటెరో కోవిఫర్ పేరుతో తెచ్చిన రెమ్‌డెసివిర్ ఒంట్లోకెళ్లాక మారేది ఈ జీఎస్‌గానే!

2024లో మ్యూనిక్ వాళ్లు ఇంకో ప్రయోగం ప్రచురించారు. నీరు చేరిన 40 పిల్లుల్లో సగానికి 42 రోజులు, సగానికి 84 రోజులు మాత్రలిచ్చారు. 38 కోలుకున్నాయి, రెండు పద్ధతులకీ ఫలితంలో తేడా కనపళ్లేదు.

చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో దొరికిన మా బుజ్జికి 41వ రోజున ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. "పొట్ట తగ్గిపోయింది కదరా, ఇంకా దాని నోట్లో ఆ మాత్రలెందుకు?" అని అమ్మ. అశోక్‌నగర్ రూములో గ్రూప్స్‌కి చదువుతున్న మా తమ్ముడేమో, "ప్రిలిమ్స్ పాసైతే పుస్తకాలు అమ్మేస్తామా అన్నా?" అన్నాడు. నా జేబు అమ్మ పక్షం, భయం తమ్ముడి పక్షం.

నారాయణగూడలో మేం చూపించే డాక్టరుగారు మాత్రం రోజుల సంఖ్య ఎత్తనేలేదు. ఆవిడ అడిగినవి వేరు. బరువు పెరిగిందా, పెరిగిన బరువుకి తగ్గట్టు మందు పెంచారా, స్కానింగులో నీరు పూర్తిగా పోయిందా, రక్తంలో ఆల్బుమిన్-గ్లోబులిన్ నిష్పత్తి కుదురుకుందా, నడక తూలడం, కంట్లో తేడా ఏమైనా ఉన్నాయా. మెదడుకో కంటికో పాకితే మందు అక్కడికి తక్కువ చేరుతుంది, డోసు పెంచాలి, అప్పుడు ఈ 42 మాటే ఎత్తకూడదట. మందు సీసాలో ఎంతుందో తెలియని సరుకు వాడినా అంతే.

అంటే ఇది ఫర్ లూప్ కాదండీ, వైల్ లూప్. 42 అన్నది ఆగే రోజు కాదు, ఆగొచ్చేమో గట్టిగా చూసుకోవాల్సిన రోజు. డబ్బులు అయిపోయాయని ఆపడం వేరు, పరీక్షలన్నీ బాగున్నాయని ఆపడం వేరు. క్యాలెండరులో మాత్రం రెండూ ఒకేలా కనిపిస్తాయి.

బుజ్జి పరీక్షలన్నీ బాగొచ్చాయి. ఆవిడ సరేనన్నాక 42కే ఆపేశాం. మిగిలిన మందు డబ్బులు ముట్టుకోకుండా పక్కన పెట్టాను, తిరగబెడితే అదే రోజు మొదలుపెట్టడానికి. వచ్చే పన్నెండు వారాలు బరువు, జ్వరం, తిండి రాసుకోవడమే పని. ఈలోగా మీ ఇంట్లో ఎవరికైనా ఈ లెక్క అవసరపడితే, ఎన్నాళ్లు అని కాదు, దేన్ని చూసి ఆపుదాం అని మీ డాక్టర్ని అడగండి.