కిరాణా కొట్టు పక్కన కాపలాదారు

డబ్లిన్‌లోని హ్యూస్టన్ స్టేషన్‌లో రైలెక్కి కిటికీ పక్కన కూర్చుంటే గంట తిరక్కుండానే పోర్టార్లింగ్టన్ వచ్చేస్తుంది. దారి పొడుగునా పచ్చిక బయళ్లూ మధ్యమధ్య పశువుల మందలూ తప్ప చెప్పుకోదగ్గ హడావుడేమీ ఉండదు. ఊరి మధ్యలో బారో నది. నదికి ఇవతలి ఒడ్డు లీష్ జిల్లా, అవతలి ఒడ్డు ఆఫలీ జిల్లా. జనాభా తొమ్మిది వేల పైచిలుకు. మన దగ్గరైతే ఓ పెద్ద పంచాయతీ అనుకోవచ్చు.

ఆ ఊళ్లో స్టేషన్ రోడ్డు మీద ఓ మామూలు భవనం ఉంది. పేరు కెనాల్ హౌస్. పక్కనే సెంట్రా అనే కిరాణా దుకాణం. పాలకో బ్రెడ్డుకో వచ్చిపోయేవాళ్లు తలెత్తి చూడాల్సినంత ప్రత్యేకత ఆ భవనానికి ఏమీ లేదు. కానీ 2010 తర్వాత కొన్నేళ్లపాటు దాని ఫొటో ఐరోపా పత్రికల్లో మళ్లీమళ్లీ వచ్చింది. ‘కోట్లాది ప్రజల రహస్యాలకు కాపలా కాయాల్సిన ఆఫీసు ఇదా!’ అన్న ఎద్దేవా ఆ ఫొటోతోపాటే వచ్చింది.

ఎందుకంటే ఐర్లండ్ సమాచార రక్షణ కమిషనర్ కార్యాలయం అదే. రాజధానిలోని ప్రభుత్వ ఆఫీసుల్ని చిన్న ఊళ్లకు తరలించాలన్న పథకంలో భాగంగా 2006లో ఇక్కడికి వచ్చింది. అప్పటికి దాని పని బ్యాంకులూ బీమా కంపెనీల మీద వచ్చే ఫిర్యాదులు చూసుకోవడం లాంటిదే. మరో రెండేళ్లకు ఫేస్‌బుక్ తన అంతర్జాతీయ ప్రధాన కార్యాలయానికి డబ్లిన్‌ను ఎంచుకుంది. అంతే... పట్టుమని ముప్ఫై మంది కూడా లేని ఆఫీసు నెత్తిన కొండంత బాధ్యత వచ్చిపడింది.

ఇందులో మనకేం సంబంధం అంటారా? ఉంది. ఒకప్పుడు హైదరాబాద్‌లోనో అమలాపురంలోనో ఫేస్‌బుక్ ఖాతా తెరిచి పెళ్లి ఫొటోలు పెట్టుకున్నవాళ్లకు కూడా ఈ కిరాణా కొట్టు పక్కనున్న ఆఫీసే దిక్కు. ఆ సంగతి మనలో చాలామందికి తెలీదు. తెలిసేలోపే అది మన చేయి దాటిపోయింది. ఆ కథ చెప్పుకోవాలంటే ముందు డబ్లిన్ రేవుకు వెళ్లాలి.

రేవులో గాజు మేడలు

లిఫీ నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉంటుంది గ్రాండ్ కెనాల్ డాక్. 1796లో ప్రారంభించిన రేవు. అక్కణ్నుంచి మొదలయ్యే గ్రాండ్ కెనాల్ దేశం మధ్యగుండా పడమటికి వెళ్లి షానన్ నదిని కలుస్తుంది. దాన్నుంచి చీలిన ఓ పాయ 1960 దాకా పోర్టార్లింగ్టన్ మీదుగానే పారేది. పడవలు బొగ్గునూ ధాన్యాన్నీ మోసుకుంటూ తిరిగేవి. కంపెనీలుండే రేవునీ కాపలాదారుండే ఊరినీ ఒకప్పుడు ఒకే కాలవ నీళ్లు కలిపేవన్నమాట!

రైళ్లూ లారీలూ వచ్చాక రేవు పాడుబడింది. గ్యాస్ ఫ్యాక్టరీ మూతపడింది. ఏళ్ల తరబడి అటువైపు వెళ్లేందుకే జనం ఇష్టపడేవారు కాదు. ఇప్పుడు చూస్తే అదేనా ఇది అనిపిస్తుంది. నీళ్ల అంచున డేనియల్ లిబెస్కిండ్ గీసిన థియేటర్, దాని ముందు ఎర్ర తివాచీ పరిచినట్టుండే మైదానం, అందులో ఏటవాలుగా నిలబెట్టిన ఎర్రటి దీపస్తంభాలు. చుట్టూ గాజు మేడలు. 1916 తిరుగుబాటులో ఏమన్ డి వలేరా దళం కాచుకుని కూర్చున్న బోలాండ్స్ మిల్లు ప్రాంగణాన్ని 2018లో గూగుల్ కొనుక్కుంది. గూగుల్ ఆఫీసులున్న వీధి పేరు బారో స్ట్రీట్... పోర్టార్లింగ్టన్‌లో పారే నది పేరే! డబ్లిన్ జనం ఈ ప్రాంతాన్ని ముద్దుగా సిలికాన్ డాక్స్ అంటారు.

కంపెనీలు ఇక్కడికే రావడానికి కారణం గాలీ వెలుతురూ కాదు. ఇంగ్లిష్ మాట్లాడే జనం, ఐరోపా యూనియన్ సభ్యత్వం, అన్నిటికీ మించి 12.5 శాతం కార్పొరేట్ పన్ను. పెద్ద అంతర్జాతీయ కంపెనీలకు 2024 నుంచి అది 15 శాతమైంది. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా తర్వాత రేవును వదిలి బాల్స్‌బ్రిడ్జ్‌లోని కొత్త ప్రాంగణానికి మారింది. లింక్డ్‌ఇన్, టిక్‌టాక్‌ల ఐరోపా వ్యవహారాలూ ఈ నగరం నుంచే నడుస్తాయి. వీటిలోనూ చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ సంస్థల్లోనూ మన తెలుగువాళ్లూ పనిచేస్తున్నారు.

సీడీలో వచ్చిన జీవితం

పోర్టార్లింగ్టన్‌కు పేరు తెచ్చింది మాత్రం ఐర్లండ్ మనిషి కాదు, ఆస్ట్రియా కుర్రాడు. మాక్స్ ష్రెమ్స్ అప్పుడు లా విద్యార్థి. ఓ సెమిస్టర్ చదువుకునేందుకు కాలిఫోర్నియా వెళ్లాడు. అక్కడ తరగతికి అతిథిగా వచ్చిన ఫేస్‌బుక్ న్యాయవాది మాటలు విన్నాక, ఐరోపా చట్టాలు వీళ్లకు సరిగ్గా తెలీవేమో అన్న అనుమానమొచ్చింది. 2011లో ‘నా గురించి మీ దగ్గరున్నదంతా ఇవ్వండి’ అని ఫేస్‌బుక్‌ను అడిగాడు. అలా అడిగే హక్కు ఐరోపా చట్టంలో అప్పటికే ఉంది.

సీడీ వచ్చింది. తెరిస్తే 1,200కు పైగా పేజీలు! తాను ఎప్పుడో చెరిపేశాననుకున్న మెసేజ్‌లు, తీసేసిన స్నేహితుల వివరాలు, ఎప్పుడెక్కడ లాగిన్ అయిందీ... అన్నీ భద్రంగా ఉన్నాయి. మనం చించి పారేసిన ఉత్తరాన్ని పోస్టుమేన్ అతికించి దాచుకుంటే ఎలా ఉంటుంది? ష్రెమ్స్‌కీ అలాగే అనిపించింది. ఫేస్‌బుక్ మీద 22 ఫిర్యాదులు రాశాడు. వాటిని పంపాల్సిన చిరునామా పోర్టార్లింగ్టన్!

ఆ చిన్న ఆఫీసు చేతులు ముడుచుకు కూర్చోలేదు. సిబ్బంది ఫేస్‌బుక్ ఐర్లండ్‌కు వెళ్లి తనిఖీ చేశారు. ఆ తర్వాతే 2012లో ఫొటోల్లో ముఖాల్ని గుర్తుపట్టే సదుపాయాన్ని ఫేస్‌బుక్ ఐరోపాలో ఆపేసింది.

తర్వాతి ఏడాది కథ మలుపు తిరిగింది. అమెరికా నిఘా సంస్థల గుట్టును ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టాడు. ఐరోపా ప్రజల సమాచారాన్ని అమెరికాకు పంపకూడదంటూ ష్రెమ్స్ మళ్లీ ఫిర్యాదు చేశాడు. ఈసారి కమిషనర్ దాన్ని పట్టించుకోదగ్గది కాదంటూ పక్కనపెట్టారు. కుర్రాడు కోర్టుకెక్కాడు. లిఫీ ఒడ్డున ఆకుపచ్చ గుమ్మటంతో కనిపించే ఫోర్ కోర్ట్స్‌లోని హైకోర్టు నుంచి వ్యవహారం ఐరోపా అత్యున్నత న్యాయస్థానానికి వెళ్లింది. అట్లాంటిక్ దాటి సమాచారం వెళ్లేందుకు కుదుర్చుకున్న ఒప్పందాన్ని ఆ కోర్టు 2015 అక్టోబరులో కొట్టేసింది. దాని స్థానంలో వచ్చిన మరో ఒప్పందాన్నీ 2020 జులైలో కొట్టేసింది. చివరికి 2023 మేలో ఐర్లండ్ కమిషన్ మెటాకు 120 కోట్ల యూరోల జరిమానా వేసింది. అంత పెద్ద జరిమానా ఈ చట్టం కింద అంతకుముందెన్నడూ లేదు. అదీ తనంతట తాను వేసింది కాదు. జరిమానా వేయాల్సిందేనని ఐరోపా దేశాల ఉమ్మడి బోర్డు పట్టుబడితే వేసింది.

పిల్లల ఫోన్ నంబర్లు

ఇంత బలం ఎక్కడిదంటే, 2018 మే 25న అమల్లోకి వచ్చిన జీడీపీఆర్ చట్టం నుంచి. తప్పు చేసిన కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవరులో నాలుగు శాతం దాకా జరిమానా వేయొచ్చని చెబుతుందది. ఐరోపాలో కంపెనీ ప్రధాన కార్యాలయం ఏ దేశంలో ఉంటే ఆ దేశపు కమిషనే విచారణకు పెద్ద దిక్కు. దాంతో జర్మనీ తల్లి ఫిర్యాదైనా, స్పెయిన్ తండ్రి ఫిర్యాదైనా తిరిగి తిరిగి ఐర్లండ్‌కే చేరుతుంది. కమిషన్ సిబ్బంది రెండొందలు దాటారు. ముఖ్య కార్యాలయం డబ్లిన్‌కు మారింది.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సిన కేసొకటి ఉంది. తమ పోస్టుల్ని ఎందరు చూశారో లెక్క తెలుస్తుందని టీనేజీ పిల్లలు కొందరు ఇన్‌స్టాగ్రామ్‌లో మామూలు ఖాతాను బిజినెస్ ఖాతాగా మార్చుకున్నారు. అలా మార్చగానే వాళ్ల ఫోన్ నంబరో ఈమెయిలో లోకానికంతటికీ కనిపించేది! పిల్లల ఖాతాలు మొదట్నుంచే అందరికీ తెరిచి ఉండేవి కూడా. ఈ కేసులో 2022 సెప్టెంబరులో 40.5 కోట్ల యూరోల జరిమానా పడింది. పిల్లల విషయంలోనే మరుసటి ఏడాది టిక్‌టాక్‌కు 34.5 కోట్ల యూరోలు వేశారు.

అలాగని కాపలాదారు మీద అందరికీ నమ్మకం కుదిరిందా అంటే, లేదు. కేసులు ఏళ్లకేళ్లు సాగుతాయన్న విమర్శ ఉంది. జరిమానాల్లో చాలావాటి మీద కంపెనీలు కోర్టుకెళ్లాయి. అందువల్ల ఖజానాకు చేరింది తక్కువే. ఉద్యోగాలూ పన్నులూ ఇచ్చే కంపెనీల మీద ఐర్లండ్ గట్టిగా చెయ్యి చేసుకోగలదా అన్న ప్రశ్న ఎప్పుడూ ఉన్నదే. ఒకప్పుడు మెటాలో పనిచేసినవారినే 2025లో కమిషనర్లలో ఒకరిగా నియమించడంతో ఆ ప్రశ్న మరింత గట్టిగా వినిపించింది.

మన చిరునామా మారిన నెల

ఇక మన సంగతి. అమెరికా, కెనడా మినహా మిగతా ప్రపంచంలోని ఫేస్‌బుక్ ఖాతాదారులందరికీ 2018 దాకా ఒప్పందం ఫేస్‌బుక్ ఐర్లండ్‌తోనే. ఖాతా తెరిచేటప్పుడు చదవకుండా ఒప్పుకున్న నిబంధనల్లో ఆ మాట ఉండేది. కాబట్టి ఆ చట్టం నీడ అమలాపురం ఖాతా మీదా పడేది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో ఓ వార్త బయటికొచ్చింది. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, లాటిన్ అమెరికాల్లోని దాదాపు 150 కోట్ల ఖాతాల్ని ఫేస్‌బుక్ ఐర్లండ్ నుంచి అమెరికాలోని మాతృసంస్థ కిందికి మారుస్తున్నారని! కొత్త చట్టం అమలుకు అప్పటికి గట్టిగా నెల రోజులుంది. ఒప్పందం ఏ సంస్థతో ఉన్నా రక్షణ అందరికీ ఒకటేనని కంపెనీ చెప్పింది. సెట్టింగులు ఒకటే కావచ్చు. కానీ తేడా వస్తే ఏ గుమ్మం తొక్కాలన్నది మారిపోయింది. ఇల్లు మారలేదు, ఫొటోలు మారలేదు... కాపలాదారు మాత్రం మారాడు. మనలో ఎంతమంది గమనించారు?

మనకంటూ ఓ కాపలాదారు ఏర్పడటానికి ఇంకొంత కాలం పట్టింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న తేల్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. ఒక్కో ఉల్లంఘనకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే అమ్మానాన్నల అనుమతి తప్పనిసరి. నిబంధనల్ని 2025 నవంబరులో ప్రకటించి, కంపెనీలు సర్దుకునేందుకు 18 నెలల గడువిచ్చారు. ఫిర్యాదులు వినే బోర్డు డిజిటల్ ఆఫీసుగానే పనిచేస్తుందని చట్టం చెబుతోంది. అంటే మన కాపలాదారు పక్కన కిరాణా కొట్టు ఉండదు!

ఫ్రెంచి చర్చి నీడలో

పోర్టార్లింగ్టన్‌లో చూడదగ్గది ఇంకొకటుంది. ఫ్రెంచి చర్చి అని పిలిచే సెయింట్ పాల్స్ చర్చి. ఐర్లండ్ పల్లెపట్టున ఫ్రెంచి పేరేమిటంటే... ఫ్రాన్స్‌లో ప్రొటెస్టంట్లకున్న మత స్వేచ్ఛను పద్నాలుగో లూయీ 1685లో రద్దు చేశాడు. ఇంట్లో ఏ ప్రార్థన చేస్తున్నారో రాజుకు తెలిస్తే చాలు, బతుకు బజారున పడేది. అలా పారిపోయి వచ్చిన హ్యూగనాట్లు కొందరు ఈ ఊళ్లో స్థిరపడ్డారు. తరాల తరబడి ఇక్కడి ప్రార్థనలు ఫ్రెంచిలోనే సాగాయి.

నాలుగ్గోడల మధ్య సంగతి నలుగురికీ తెలిస్తే ఏమవుతుందో అనుభవించిన మనుషులు కట్టుకున్న ఊరు ఇది. మూడు వందల ఏళ్ల తర్వాత కాపలా ఆఫీసు ఇక్కడికే రావడం కాకతాళీయమే కానీ, అతికినట్టుంది.

పోర్టార్లింగ్టన్ దాకా వెళ్లలేకపోయినా ష్రెమ్స్ చేసిన పని ఇంట్లో కూర్చునీ చేయొచ్చు. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ సెట్టింగుల్లో మన సమాచారాన్ని డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది. ఓ ఆదివారం మధ్యాహ్నం ఇంటిల్లిపాదీ కూర్చుని ఆ ఫైలు తెరిచి చూడండి. మనం మర్చిపోయినవి అందులో ఎన్ని కనిపిస్తాయో!